మీటర్‌లో 12 వోల్టులున్నా ఫ్యాన్ ఎందుకు తిరగదు: పాత కార్ల హీటర్ వైరింగ్‌లో అసలు చిక్కుముడి

స్విచ్ వేశాం, హీటర్ ఫ్యాన్ తిరగలేదు. మోటర్ వైరు దగ్గర మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చక్కగా కనిపిస్తున్నాయి. కరెంటు మోటర్ దాకా వస్తోంది, అయినా తిరగట్లేదు, కాబట్టి మోటరే పోయింది. పాత కార్లు ఉన్నవాళ్లలో చాలామంది చలికాలం మొదట్లో వేసే లెక్క ఇదే, వినడానికి ఇందులో తప్పేమీ కనిపించదు కూడా. నేనూ ఒకసారి నీరసంగా తిరిగే ఫ్యాన్‌ని చూసి ఇలాగే అనుకుని మోటర్ మార్చాను. కొత్త మోటర్ కూడా పాతదానంత నీరసంగానే తిరిగింది. అసలు తప్పు హీటర్ పెట్టెను బిగించిన చోట, కొత్తగా కొట్టిన పెయింట్ కింద ఉంది.

మీటర్ చూపించిన 12 వోల్టులు నిజమే. అయితే ఆ అంకె దేని గురించి చెబుతోందో తెలియకుండా దాన్ని పట్టుకుని మోటర్ మీద తప్పు మోపడం కుదరదు.

ఈ సర్క్యూట్‌లో ఏమేం ఉంటాయి

1950ల నుంచి 1970ల దాకా వచ్చిన చాలా కార్లలో ఈ సర్క్యూట్ చాలా చిన్నది, కంప్యూటర్ లేదు, సెన్సర్లు లేవు. బ్యాటరీ ప్లస్ నుంచి ఇగ్నిషన్ స్విచ్‌కి, అక్కడి నుంచి ఫ్యూజుకి, ఫ్యూజు నుంచి డ్యాష్‌బోర్డు మీదున్న ఫ్యాన్ స్విచ్‌కి, రెండు మూడు స్పీడ్‌లు ఉంటే మధ్యలో ఒక రెసిస్టర్‌కి (కరెంటుకి కావాలనే అడ్డుపెట్టి వేగం తగ్గించే ముక్క), ఆ తర్వాత మోటర్‌కి. మోటర్‌లోంచి బయటికొచ్చిన కరెంటు కారు ఇనుప బాడీలోకి దిగి, బాడీ గుండా నడిచి బ్యాటరీ మైనస్‌కి చేరుతుంది. ఈ తిరుగు దారినే ఎర్త్ అంటాం. వెళ్లే దారి ఎంత ముఖ్యమో వచ్చే దారీ అంతే ముఖ్యం, ఎందుకంటే కరెంటుకి పూర్తి చుట్టు కావాలి, ఎక్కడ ఇరుకైనా చుట్టు మొత్తానికీ ఇరుకే.

కొన్ని కార్లలో స్విచ్ మోటర్‌కి ముందు కాకుండా తర్వాత, ఎర్త్ వైపు ఉంటుంది. అలాంటి కారులో స్విచ్ ఆఫ్‌లో ఉన్నా మోటర్ రెండు వైర్ల మీదా 12 వోల్టులు కనిపిస్తాయి. అది తప్పు కాదు, ఆ కారు వైరింగే అంత. అందుకే ఆ మోడల్ వైరింగ్ బొమ్మ ముందు పెట్టుకోకుండా కొలిచిన అంకెలకి అర్థం చెప్పడం కష్టం. ఇక గాలితో చల్లబడే ఇంజన్ ఉన్న ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ లాంటి వాటి సంగతి పూర్తిగా వేరు, అక్కడ ఇంజన్‌ని చల్లబరిచే ఫ్యానే వేడిగాలిని కూడా లోపలికి తోస్తుంది, మనం మాట్లాడుకునే మోటర్ చాలా బీటిల్స్‌లో ఉండనే ఉండదు.

ఇంకో విషయం. ఫ్యూజు చాలాసార్లు ఫ్యాన్ ఒక్కదానిదే కాదు. ఎంజీబీ లాంటి బ్రిటిష్ కార్లలో వైపర్లు, ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు, పెట్రోల్ గేజ్, హీటర్ ఫ్యాన్ అన్నీ ఒకే ఫ్యూజు నుంచి కరెంటు తీసుకుంటాయి. వీటన్నిటికీ ఆకుపచ్చ వైర్లు. దీనివల్ల మీటర్ తీయకముందే కొంత తెలిసిపోతుంది: ఫ్యాన్‌తో పాటు ఇండికేటర్లు, వైపర్లు కూడా పనిచేయకపోతే తప్పు ఫ్యూజులోనో అంతకు ముందో ఉంది. మిగతావన్నీ బాగుండి ఫ్యాన్ ఒక్కటే ఆగితే ఫ్యూజు తర్వాతి భాగం చూడాలి, అంటే స్విచ్, రెసిస్టర్, మోటర్, మోటర్ ఎర్త్. ఇండికేటర్ టిక్కు టిక్కుమన్నప్పుడల్లా ఫ్యాన్ శబ్దం కూడా దానితో పాటు ఎగుడుదిగుడుగా వినిపిస్తే, ఆ రెండూ కలిసి వాడుకునే దారిలో ఎక్కడో ఇరుకు ఉందని అర్థం. నా దృష్టిలో ఇది ఉచితంగా దొరికే అతి మంచి పరీక్ష.

వోల్టేజీ ఉండటం వేరు, కరెంటు పారడం వేరు

వోల్టేజీ అంటే తోపు. కరెంటు అంటే నిజంగా పారుతున్నది, దాన్ని ఆంపియర్లలో కొలుస్తాం. రెసిస్టెన్స్ అంటే అడ్డు, దాని కొలత ఓమ్. వోల్టేజీని ఓమ్‌లతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి, వోల్టేజీని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. ఈ వ్యాసంలో అవసరమయ్యే లెక్కలు దాదాపు ఇవే.

పైపులో సగం మట్టి పేరుకుపోయిందనుకోండి. కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ కుళాయి దగ్గర ఒత్తిడి కొలిస్తే ట్యాంకులో ఉన్నంతా చూపిస్తుంది, నీళ్లు కదలట్లేదు కాబట్టి మట్టి ఉన్నా లేనట్టే. కుళాయి తిప్పినప్పుడే సన్నటి ధార పడి సంగతి బయటపడుతుంది. మల్టీమీటర్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. మామూలు డిజిటల్ మీటర్ లోపలి రెసిస్టెన్స్ సుమారు కోటి ఓమ్‌లు, అంటే అది తనకోసం తీసుకునే కరెంటు లెక్కలోకి రానంత తక్కువ.

అంకెల్లో చూద్దాం. ఒక వైరు చివర పచ్చటి చిలుము పట్టి అక్కడ 100 ఓమ్‌ల అడ్డు ఏర్పడిందనుకుందాం. మోటర్ నుంచి వైరు పీకి, ఆ వైరు చివర మీటర్ పెడితే, కోటి ఓమ్‌ల ముందు 100 ఓమ్‌లు ఏ మూలకీ రావు, మీటర్ నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది. అదే వైరుకి మోటర్ తగిలిస్తే? 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తీసుకునే మోటర్‌ని సులువు కోసం 2.4 ఓమ్‌లుగా లెక్కేస్తే, మొత్తం అడ్డు 102.4 ఓమ్‌లు, అందులో మోటర్ వాటాకి వచ్చేది 0.28 వోల్టు. మోటర్ కదలనే కదలదు. వైరు పీకి కొలిచినప్పుడు 12, తగిలించి కొలిస్తే 0.28. మొదటి అంకె చూసి మోటర్ పారేసినవాళ్లు ఎంతమందో.

ఇక్కడే పాత మెకానిక్‌లకీ మీటర్ వాడేవాళ్లకీ ఎప్పుడూ ఒక వాదన నడుస్తుంది. టెస్ట్ ల్యాంప్ చాలని ఒకరు, మీటర్ లేనిదే ఏదీ తేలదని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. 21 వాట్ల ఇండికేటర్ బల్బుతో చేసుకున్న టెస్ట్ ల్యాంప్ 1.75 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి పైన చెప్పిన 100 ఓమ్‌ల చిలుము దాని ముందు దాగలేదు, బల్బు అసలు వెలగదు. కానీ అడ్డు అరఓమ్ మాత్రమే ఉంటే బల్బు దగ్గర తగ్గేది ఒక వోల్టు లోపే, ఆ తేడాని కంటితో పట్టుకోవడం కష్టం. ఆ అరఓమ్ చాలు, 5 ఆంపియర్ల మోటర్‌ని నీరసపెట్టడానికి. చిన్న అడ్డుని పట్టేది మీటరే, అదీ మోటర్ తగిలించి, స్విచ్ వేసి ఉండగా కొలిస్తేనే. మీటర్‌ని ఓమ్‌ల మీద పెట్టి ఇలాంటి అడ్డుని వెతకడం కూడా పెద్దగా పనికిరాదు, చౌక మీటర్ల ప్రోబ్ వైర్లకే రెండు మూడు పదోవంతుల ఓమ్ ఉంటుంది, వెతుకుతున్న అంకె అందులోనే కలిసిపోతుంది.

ఒక నీరసమైన ఫ్యాన్, వరుసగా కొన్ని కొలతలు

లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలివి. కారులో ఫ్యాన్ తిరుగుతోంది కానీ గాలి రావట్లేదనిపిస్తోంది. ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫ్యాన్ నడుస్తుండగా మీటర్ నల్ల ప్రోబ్‌ని బ్యాటరీ మైనస్ మీదే ఉంచి, ఎర్ర ప్రోబ్‌తో ఒక్కో చోటా తాకుతూ వెళ్లామనుకుందాం.

బ్యాటరీ ప్లస్ దగ్గర 12.6 వోల్టులు. ఫ్యూజు దాటాక 12.1. ఫ్యాన్ స్విచ్‌లోకి వెళ్లే వైరు దగ్గర 11.9. స్విచ్ దాటాక 10.9. మోటర్ ప్లస్ దగ్గర 10.8. ఇక్కడితో చాలామంది ఆపేస్తారు, ఆపకుండా మోటర్ మైనస్ వైరు మీద కూడా పెడితే అక్కడ సున్నా ఉండాల్సింది 0.9 చూపించింది. అంటే మోటర్‌కి నిజంగా అందుతున్నది 10.8 లోంచి 0.9 తీసేయగా మిగిలిన 9.9 వోల్టులు.

మొత్తం 2.7 వోల్టులు దారిలో పోయాయి. ఫ్యూజు వైపు అర వోల్టు, స్విచ్ లోపల ఒక వోల్టు, ఎర్త్ దగ్గర 0.9, మిగతా 0.3 మామూలు వైర్లలో. వైర్ల 0.3ని పట్టించుకోనక్కర్లేదు. రాగి వైరుకి కూడా కొంత అడ్డు ఉంటుంది, ఒక చదరపు మిల్లీమీటరు మందం వైరు 4 మీటర్లుంటే సుమారు 0.07 ఓమ్, 5 ఆంపియర్ల దగ్గర అది 0.35 వోల్టు. మంచి కనెక్షన్‌లో మాత్రం పోయేది ఒకటి రెండు పదోవంతుల వోల్టుకి మించకూడదని మామూలుగా అనుకునే లెక్క. ఆ కొలమానం పెట్టి చూస్తే ఫ్యూజు, స్విచ్, ఎర్త్ మూడూ దోషులే, వైర్లూ మోటరూ కావు.

12.6కి బదులు 9.9 అంటే 79 శాతం. అంత తేడాకే ఫ్యాన్ చచ్చినట్టు అనిపిస్తుందా అంటే, అనిపిస్తుంది. ఫ్యాన్ గాలిని తోయడానికి వాడే శక్తి దాని వేగం ఘనంతో మారుతుంది. వేగం సుమారు 79 శాతానికి పడితే ఆ శక్తి దాదాపు సగమవుతుంది. ఇరుకైన గొట్టాల్లోంచి అద్దం దాకా గాలిని తోయాల్సిన ఫ్యాన్‌కి ఇది చిన్న దెబ్బ కాదు.

పోయిన వోల్టులు ఎక్కడికీ మాయమవవు, ఆ చోట వేడిగా మారతాయి. స్విచ్‌లో ఒక వోల్టు, కరెంటు ఓ 4 ఆంపియర్లు, అంటే 4 వాట్లు, వేలెడంత లేని ప్లాస్టిక్ స్విచ్ లోపల. పది నిమిషాల తర్వాత స్విచ్ వెనకభాగం చెయ్యి పెట్టలేనంత వేడెక్కితే కారణం ఇదే. వేడెక్కిన కొద్దీ లోపలి స్ప్రింగు పట్టు వదులుతుంది, పట్టు వదిలితే అడ్డు పెరుగుతుంది, అడ్డు పెరిగితే ఇంకా వేడి. పొద్దున బండి తీసినప్పుడు బాగా తిరిగి, అరగంట ప్రయాణం తర్వాత ఆగిపోయి, చల్లారాక మళ్లీ తిరిగే ఫ్యాన్ల వెనక చాలాసార్లు ఉండేది ఈ చక్రమే.

6 వోల్టుల కార్లలో ఇదంతా ఇంకా కఠినం. అదే 36 వాట్ల మోటర్‌కి 12 వోల్టుల కారులో 3 ఆంపియర్లు చాలు, 6 వోల్టుల కారులో 6 కావాలి. అదే అడ్డు దగ్గర పోయే వోల్టులు రెట్టింపు, ఉన్న వోల్టులేమో సగం, కాబట్టి దెబ్బ నాలుగింతలు.

ఇలా ఇంజన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి కొలిచే విషయంలో పాత కార్లకే ఉన్న ఒక ప్రమాదం గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. కాంటాక్ట్ పాయింట్లతో (ఇంజన్‌తో పాటు తెరుచుకుని మూసుకునే చిన్న స్విచ్‌తో) నడిచే ఇగ్నిషన్‌లో, ఇంజన్ ఆగినప్పుడు పాయింట్లు మూసుకుని ఉన్నాయంటే స్పార్క్ పుట్టించే కాయిల్‌లోంచి ఆగకుండా కరెంటు పారుతూనే ఉంటుంది. మనం హీటర్ కొలతల్లో మునిగిపోయిన ఇరవై నిమిషాల్లో అటు కాయిల్ కాలిపోవచ్చు. తెలిసినవాళ్లు ముందే కాయిల్‌కి వెళ్లే వైరు పీకి పక్కన పెట్టుకునేది అందుకే.

రిస్టోర్ చేసిన కార్లలో ఎర్త్ ఎందుకు ఎక్కువ పోతుంది

పాడైపోయిన కారులో ఫ్యాన్ తిరిగింది, లక్షణంగా రిస్టోర్ చేశాక ఆగిపోయింది అని వింటుంటాం. వింతేమీ లేదు. మోటర్ మైనస్ వైరు ఒక స్క్రూతో హీటర్ పెట్టెకి, పెట్టె నాలుగు బోల్టులతో బాడీకి. ఫ్యాక్టరీలో ఆ బోల్టు పళ్లు పెయింట్‌ని గీరి ఇనుముని పట్టుకునేవి. రిస్టోర్ చేసేటప్పుడు పెట్టెకి పౌడర్ కోటింగ్, బాడీకి మందంగా మూడు కోట్లు, కింద రబ్బరు వాషరు. చూడ్డానికి అద్భుతం, కరెంటుకి మాత్రం గోడ.

ఇలాంటప్పుడు మోటర్ మైనస్ వైరు నుంచి నేరుగా బ్యాటరీ మైనస్‌కి ఒక వైరు తాత్కాలికంగా తగిలించి చూస్తారు. ఫ్యాన్ ఒక్కసారిగా ఊపందుకుంటే తప్పు తిరుగు దారిలో ఉన్నట్టు తేలిపోతుంది. అయితే ఆ తప్పు పెట్టె స్క్రూ దగ్గరే ఉండాలని లేదు. బ్యాటరీ మైనస్ బాడీకి బిగించిన చోట కావచ్చు, లేదా మైనస్‌ని ఇంజన్‌కి కలిపిన కార్లలో ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్లిన రాగి పట్టీ కావచ్చు. ఆ పట్టీ తెగితే ఫ్యాన్ ఒక్కటే కాదు, హెడ్‌లైట్లు కూడా మసకబారతాయి, వాటి కరెంటు చోక్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్ పట్టుకుని వెళ్లడానికి చూస్తుంది. చోక్ కేబుల్ వేడెక్కి పొగలొచ్చిందంటే వైరింగ్‌లో అందరూ ముందు చూసేది ఆ పట్టీనే.

మోటర్ లోపల: తిరిగే మోటర్, ఇరుక్కున్న మోటర్

ఇంతదాకా మోటర్‌ని 2.4 ఓమ్‌ల రెసిస్టర్ లాగా లెక్కేశాం, అది సౌకర్యం కోసమే. నిజానికి మోటర్ చుట్టల రెసిస్టెన్స్ అంతకంటే చాలా తక్కువ, ఉదాహరణకి అరఓమ్ అనుకుందాం. మరి 12 వోల్టులకి 24 ఆంపియర్లు లాగాలి కదా, 5 మాత్రమే ఎందుకు లాగుతోంది? తిరుగుతున్న మోటర్ అదే సమయంలో ఒక చిన్న డైనమోలా కూడా పనిచేస్తుంది. తిరిగేకొద్దీ బ్యాటరీకి ఎదురుగా తనే వోల్టేజీ పుట్టిస్తుంది. పూర్తి వేగంలో ఆ ఎదురు వోల్టేజీ సుమారు 9.5, మిగిలిన 2.5 వోల్టులే అరఓమ్ చుట్టల్లో 5 ఆంపియర్లని తోస్తాయి.

ఈ ఒక్క విషయం పట్టుబడితే మోటర్ గురించిన చాలా ప్రశ్నలకి జవాబు దొరుకుతుంది. మోటర్ ఇరుక్కుంటే వేగం సున్నా, ఎదురు వోల్టేజీ సున్నా, కరెంటు 24 ఆంపియర్లు. అందుకే ఇరుక్కున్న మోటర్, తనకి తగ్గ ఫ్యూజు ఉంటే దాన్ని కొడుతుంది. ఇరుక్కోవడానికి కారణం తరచుగా ఎండిపోయిన బుష్‌లు. ఆ కాలపు మోటర్లలో ఇరుసు తిరిగేది నూనె పీల్చుకున్న కంచు బుష్‌లలో, దశాబ్దాలు గడిచాక నూనె జిడ్డుగట్టి జిగురవుతుంది. వేలితో తిప్పితే బరువుగా తిరిగే ఫ్యాన్, మొదట మూలిగి తర్వాత మెల్లగా ఊపందుకునే ఫ్యాన్, ఈ కోవలోవే.

రెండో రకం తప్పు దీనికి తిరగబడి ఉంటుంది. తిరిగే చుట్టలకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి, ఇరుసు మీదుండే రాగి కమ్యుటేటర్‌ని తాకడం మానేస్తే కరెంటు సున్నా, ఫ్యూజుకి ఏమీ కాదు. డ్యాష్‌బోర్డు మీద ఒక గుద్దు గుద్దితే ఫ్యాన్ తిరగడం మొదలైందంటే బ్రష్ మళ్లీ ఒకసారి అంటుకుందని, అది ఇక ఎన్నాళ్లో ఉండదని అర్థం. రేడియోలో గరగర రాకుండా కొన్ని మోటర్లకి చిన్న కెపాసిటర్ తగిలిస్తారు. అది లోపల షార్ట్ అయితే మోటర్ బంగారంలా ఉన్నా స్విచ్ వేయగానే ఫ్యూజు పోతుంది.

గాలి దారిలో ఆకులు అడ్డుపడితే మోటర్ మీద భారం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఉడుత పంజరంలా ఉండే గుండ్రటి ఫ్యాన్లలో జరిగేది ఇందుకు వ్యతిరేకం. గాలి కదలకపోతే ఫ్యాన్ చేసే పని తగ్గుతుంది, వేగం పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది. ఆకులు రెక్కల్లోనే ఇరుక్కుంటే మాత్రం సంగతి వేరు.

ఇంజన్ ఐడిల్‌లో ఫ్యాన్ మెల్లగా, రేసు చేస్తే జోరుగా తిరగడం కూడా జనాన్ని కంగారు పెడుతుంది. ఆల్టర్నేటర్ బదులు డైనమో ఉన్న కార్లలో ఐడిల్ వేగానికి ఛార్జింగ్ దాదాపు ఉండదు, ఫ్యాన్ బ్యాటరీ మీదే బతుకుతుంది. వేగం అందుకున్నాక వోల్టేజీ 14 దగ్గరికి చేరుతుంది. ఆ తేడా ఆ కార్ల సహజ గుణం.

ఫ్యూజు మీద రాసిన అంకెకి రెండు అర్థాలున్నాయి

పాత కార్ల విషయంలో నాకు నిజంగా టెన్షన్ పుట్టించేది ఇదే. బ్రిటిష్ కార్లకి ఎలక్ట్రికల్ సామాన్లు చేసిన లూకాస్ కంపెనీ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే, అది 35 ఆంపియర్ల దగ్గర కాలిపోతుందని అర్థం. నిరంతరం మోయగలిగేది 17 మాత్రమే. అమెరికన్ పద్ధతి గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే నిరంతరం 35 మోస్తుందని అర్థం. రెండూ గాజు గొట్టాలే, అంకె కూడా ఒకటే.

ఇప్పుడు మన ఇరుక్కున్న మోటర్‌ని గుర్తు తెచ్చుకోండి, 24 ఆంపియర్లు. 35 అమెరికన్ ఫ్యూజు దీన్ని పట్టించుకోను కూడా పట్టించుకోదు. లూకాస్ ఫ్యూజుకి ఇది మోయాల్సిన దానికంటే ఎక్కువ, కానీ వెంటనే కాలిపోయేంత కాదు. ఈలోగా మోటర్ దాకా వెళ్లే సన్న వైరు సంగతేంటి? 0.30 మిల్లీమీటర్ల పోగులు 14 ఉండే మామూలు వైరు మోయదగినది సుమారు 8.75 ఆంపియర్లు. అంటే ముందు కాలేది వైరు తొడుగు, డ్యాష్‌బోర్డు వెనక, మిగతా వైర్ల మధ్య. అందుకే ఆకుపచ్చ సర్క్యూట్ మొత్తానికి ఉన్న పెద్ద ఫ్యూజుని నమ్ముకోకుండా ఫ్యాన్ వైరుకి విడిగా 10 ఆంపియర్ల ఫ్యూజు పెట్టుకునేవాళ్లున్నారు. ఈ లెక్క చూశాక వాళ్లది అతిజాగ్రత్త అనిపించదు.

యూరప్ కార్లలో రెండు చివరలూ మొనదేలిన ఫ్యూజులు కనిపిస్తాయి, 5 ఆంపియర్లకి పసుపు, 8కి తెలుపు, 16కి ఎరుపు, 25కి నీలం. వీటి బలహీనత అంకెలో లేదు, పట్టులో ఉంది. మొనలు పట్టుకునే ఇత్తడి రేకులు వదులై, పైన సన్నటి పొర ఏర్పడి, ఫ్యూజు బాగానే ఉన్నా కరెంటు దాటదు. ఫ్యూజుని వేళ్లతో అటూ ఇటూ తిప్పగానే ఫ్యాన్ లేచిందంటే కారణం అదే.

ఒక స్పీడ్ పనిచేసి ఇంకోటి పనిచేయకపోతే

చాలా కార్లలో ఫుల్ స్పీడ్‌కి కరెంటు నేరుగా మోటర్‌కి వెళ్తుంది, తక్కువ స్పీడ్‌లకి మధ్యలో రెసిస్టర్ అడ్డు వస్తుంది. అందుకే ఫుల్ మాత్రమే పనిచేసి మిగతావి ఆగిపోతే అనుమానం మొదట రెసిస్టర్ మీదికే వెళ్తుంది. ఎయిర్ కండిషనింగ్ ఉన్న కొన్ని అమెరికన్ కార్లలో ఫుల్ స్పీడ్‌కి విడిగా ఒక రిలే, విడిగా ఒక ఫ్యూజు ఉంటాయి, వాటిలో తక్కువ స్పీడ్‌లన్నీ బాగుండి ఫుల్ ఒక్కటే పోవడం మామూలే.

రెసిస్టర్ పోయిందని తెలిస్తే సరిపోదు, ఎందుకు పోయిందనేది ఇంకా ముఖ్యం. 2.4 ఓమ్‌ల మోటర్‌కి వరుసలో 1.5 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే కరెంటు సుమారు 3.1 ఆంపియర్లు, రెసిస్టర్‌లో పుట్టే వేడి 14 వాట్ల పైన, ఒక చిన్న సోల్డరింగ్ ఐరన్ అంత. అది బతికేది ఫ్యాన్ గాలి తగులుతుంటుంది కాబట్టే, దాన్ని గాలి దారిలో బిగించేదీ అందుకే. ఆకులతో గాలి ఆగినా, బుష్‌లు ఎండి మోటర్ బరువుగా తిరిగినా దెబ్బ పడేది రెసిస్టర్ మీద. కొత్తది వేసిన వారానికే మళ్లీ కాలితే రెసిస్టర్ నాణ్యతని తిట్టుకోవడం అన్యాయం.

బ్రౌన్ వైరు ఒక చోట ప్రాణం, ఇంకో చోట ఎర్త్

లూకాస్ వైరింగ్ ఉన్న బ్రిటిష్ కార్లలో బ్రౌన్ వైరు నేరుగా బ్యాటరీ నుంచి, ఫ్యూజు కూడా లేకుండా వస్తుంది. నలుపు ఎర్త్. జర్మన్ కార్లలో బ్రౌన్ ఎర్త్, నలుపు ఇగ్నిషన్ నుంచి వచ్చే ప్లస్, ఎరుపు బ్యాటరీ ప్లస్. ఒక రకం కారుతో అలవాటు పడిన చెయ్యి ఇంకో రకం కారులో బ్రౌన్‌ని ఎర్త్ అనుకుని బాడీకి తాకిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

దీనికి తోడు 1960ల మధ్య దాకా చాలా బ్రిటిష్ కార్లు ప్లస్ ఎర్త్‌తో వచ్చాయి, బ్యాటరీ ప్లస్‌నే బాడీకి కలిపేవారు. ఎంజీబీ 1967లో మార్క్ 2తో మైనస్ ఎర్త్‌కి మారింది. పాత కారుని ఈమధ్య ఎవరైనా మైనస్ ఎర్త్‌కి మార్చి ఉంటే హీటర్ మోటర్‌కి ఒక వింత సమస్య రావచ్చు. లోపల శాశ్వత అయస్కాంతం ఉన్న మోటర్‌కి వైర్లు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. అయస్కాంతం బదులు చుట్టలున్న మోటర్‌లో రెండు చుట్టల్లోనూ దిశ ఒకేసారి మారుతుంది కాబట్టి అది ముందులాగే తిరుగుతుంది. పంజరం ఫ్యాన్ వెనక్కి తిరిగినా గాలి మామూలు దారిలోనే, కాకపోతే చాలా తక్కువగా వస్తుంది. అందుకే ఇది ఎవరికీ తట్టదు, వోల్టేజీ, ఎర్త్, బ్రష్‌లు అన్నీ సరిగ్గా ఉండి గాలి మాత్రం రాదు.

రిలే పెట్టడం మంచిదా కాదా

ఇది తెగని చర్చ. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్. డ్యాష్‌బోర్డు స్విచ్ మీద పడేది రిలే కాయిల్‌కి కావలసిన 0.15 ఆంపియర్ చుట్టుపక్కల మాత్రమే, మోటర్ కరెంటు బ్యాటరీ నుంచి మందపాటి వైరులో, విడి ఫ్యూజు గుండా నేరుగా వెళ్తుంది. దొరకని పాత స్విచ్ ఇంకొన్నేళ్లు బతుకుతుందని, గాలి ఎక్కువ వస్తుందని రిలే మద్దతుదారులు అంటారు. రెండూ నిజమే.

వద్దనేవాళ్ల మాట కూడా గట్టిదే. ఫ్యాక్టరీ వైరింగ్ కొత్తగా ఉన్నప్పుడు రిలే లేకుండానే బాగా పనిచేసింది, కాబట్టి ఇప్పుడు పనిచేయకపోతే చెడింది ఏదో బాగుచేయాలి గానీ దాన్ని పక్కన పెట్టి కొత్త దారి వేయడం ఏంటని వాళ్ల ప్రశ్న. కొత్త రిలే అంటే 30, 85, 86, 87 నంబర్లున్న నాలుగు టెర్మినల్స్, అంటే తుప్పు పట్టడానికి ఇంకో నాలుగు చోట్లు. రెసిస్టర్‌తో రెండు మూడు స్పీడ్‌లున్న కారులో ఒక్క రిలేతో పని అవదు కూడా.

మన అంకెల్లో పెడితే తేడా తెలుస్తుంది. రిలే వేస్తే ఫ్యూజు దగ్గరి అర వోల్టు, స్విచ్‌లోని ఒక వోల్టు దాదాపుగా తిరిగొస్తాయి, మోటర్‌కి 9.9 బదులు 11.3 దాకా అందుతుంది. ఎర్త్‌లోని 0.9 మాత్రం అలాగే ఉంటుంది, కరెంటు పెరిగింది కాబట్టి ఇంకాస్త పెరుగుతుంది కూడా. ఎర్త్ ఒక్కటి శుభ్రం చేసి స్విచ్ కాంటాక్టులు రుద్దినా దాదాపు అంతే ఫలితం వచ్చేది. నా మొగ్గు ముందు పాతదాన్ని బాగుచేయడం వైపే, అయినా స్విచ్ ఇక ఎక్కడా దొరకని కారులో రిలే పెట్టినవాళ్లని తప్పుపట్టలేను.

ఫ్యాన్ జోరుగా తిరుగుతోంది, గాలి చల్లగానే ఉంది

ఇది వైరింగ్ సమస్య కాదు. ఇంజన్ వేడినీళ్లు హీటర్ రేడియేటర్‌లోకి రావట్లేదు. మట్టి పట్టిన వాల్వ్, కూలెంట్ మార్చాక లోపల చిక్కిన గాలి బుడగ, తెరుచుకుని ఉండిపోయిన థర్మోస్టాట్, పూడిపోయిన హీటర్ రేడియేటర్, వీటిలో ఏదో ఒకటి. హీటర్‌కి వెళ్లే రెండు రబ్బరు గొట్టాలనీ ఇంజన్ వేడెక్కాక చేత్తో తాకి చూస్తే సగం తెలిసిపోతుంది: రెండూ వేడిగా ఉంటే నీళ్లు తిరుగుతున్నట్టు, ఒకటి వేడి ఒకటి చల్లన అయితే మధ్యలో ఆగినట్టు, రెండూ గోరువెచ్చగానే ఉంటే ఇంజనే సరిగ్గా వేడెక్కట్లేదన్నట్టు.